డ్రిల్లింగ్ మెషిన్‌కి కొత్త వైరు వేశాను: పనంతా ఆ మెడ దగ్గరే

నా డ్రిల్లింగ్ మెషిన్ కొన్నాళ్ళుగా నాతో దోబూచులాడుతోంది. ట్రిగ్గర్ నొక్కితే తిరుగుతుంది, గోడకి ఆనించి కాస్త బలం పెట్టగానే ఆగిపోతుంది, చెయ్యి కొంచెం పక్కకి వంచితే మళ్ళీ అందుకుంటుంది. మొదట కార్బన్లు, అంటే మోటారుకి కరెంటు అందించే బొగ్గు ముక్కలు, అరిగిపోయాయేమో అనుకున్నాను, తర్వాత స్విచ్ పోయిందేమో అనుకున్నాను, చివరికి ఏమీ అనుకోవడం మానేసి దానికి అలవాటు పడిపోయాను. కుడిచేత్తో మెషిన్ పట్టుకోవడం, ఎడమచేత్తో హ్యాండిల్ కింద వైరుని ఒక రకమైన వంపులో నొక్కి పట్టడం. అలా పట్టుకుంటే ఆగేది కాదు. సగం తెగిన వైరుని వేళ్ళ మధ్య నలుపుతూ పని చేస్తున్నానని, అందులో 230 వోల్టులు ఉన్నాయని తెలుసు. కానీ రోజూ చేసేదాని మీద భయం ఉండదు కదా.

దానికి ముందే ఇంకో ఘనకార్యం చేశాను. హ్యాండిల్లోంచి వైరు బయటికి వచ్చేచోట చిన్న రబ్బరు తొడుగు ఉంటుంది చూడండి, బుష్ అంటాం, నేను మెడ అంటున్నది ఆ చోటునే, సరిగ్గా అది అయిపోయిన దగ్గర పైతొక్క చీలి లోపలి గోధుమరంగు కోరు (తొక్క ఉన్న విడి తీగ) కనపడుతుంటే ఇన్సులేషన్ టేపు తెచ్చి నాలుగు చుట్లు చుట్టాను. చూడ్డానికి బాగానే ఉంది. రెండు వారాలకి టేపు జిగురు వేడికి కరిగి అంచుల్లోంచి బయటికి వచ్చింది, దానికి చెక్కపొడి అంటుకుని నల్లగా జిడ్డుగా తయారైంది. అసలు నష్టం అది కాదు. టేపు చుట్టిన చోట వైరు గట్టి ముద్దలా అవుతుంది, ఇక అక్కడ వంగదు, దాని పక్కన వంగుతుంది. అంటే తెగే చోటుని ఒక అంగుళం అవతలికి జరిపానన్నమాట. నెల తిరక్కుండా టేపు అంచు దగ్గర ఇంకో చీలిక.

ఒక రోజు పైకప్పుకి రంధ్రాలు వేస్తుంటే చెయ్యి దగ్గర చిట్‌మని శబ్దం, కాలిన ప్లాస్టిక్ వాసన. నిచ్చెన దిగి ముందు ప్లగ్గు పీకాను. బుష్ పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది.

మోటార్ వైండింగ్ పని చేసే నా చిన్ననాటి స్నేహితుడికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను, టేపు సంగతి కూడా. వాడు నవ్వాడు. "ఒరేయ్, టేపు వేస్తే పైన షాక్ కొట్టకుండా ఉంటుందేమో గానీ, లోపల తెగిన రాగి అతుక్కుంటుందా? వైరు మార్చెయ్. అరగంట పని." అరగంట పని అన్నది వాడికి. నాకు ఒక మధ్యాహ్నం మొత్తం పట్టింది, అందులో రెండుసార్లు కట్టి విప్పడం కూడా ఉంది. ఆ విప్పడాల గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను, ఎందుకంటే వీడియోల్లో చూస్తే అన్నీ మొదటిసారికే సరిగ్గా కూర్చుంటాయి.

విప్పేముందు తప్పు నిజంగా వైరులోనే ఉందా అని చూసుకోవాలి. లేకపోతే వైరు మార్చాక కూడా అదే ఆట ఆడుతుంది. ప్లగ్గు బయటే ఉంచి, మల్టీమీటర్‌ని ఓముల్లో పెట్టి, రెండు పుల్లలూ ప్లగ్గు రెండు పిన్నులకి బిగించి, ట్రిగ్గర్ పూర్తిగా లోపలికి నొక్కి లాక్ చేశాను. నా మెషిన్‌లో పది పన్నెండు ఓములు చూపించింది, అది మోటారు కాయిల్ గుండా వచ్చే రీడింగు. ఇక్కడ ఒక మాట: ట్రిగ్గర్ నొక్కిన కొద్దీ స్పీడు పెరిగే రకం మెషిన్లలో స్విచ్ లోపల ఎలక్ట్రానిక్స్ ఉంటాయి, సగం నొక్కితే మీటర్ ఏమీ చూపించకపోవచ్చు, కొన్నిట్లో పూర్తిగా నొక్కినా చూపించదు. దాన్ని చూసి మోటారు కాలిపోయిందని కంగారు పడొద్దు. నాది పూర్తిగా నొక్కితే చూపించింది కాబట్టి పని సులువైంది. ప్లగ్గు వైపు నుంచి మొదలుపెట్టి బెత్తెడు బెత్తెడు చొప్పున వైరు వంచుకుంటూ వచ్చాను. మూడు మీటర్ల వైరు పొడవునా అంకె కదల్లేదు. బుష్ దగ్గరికి రాగానే పన్నెండు కాస్తా మాయం, వదిలితే మళ్ళీ పన్నెండు. దొంగ దొరికాడు.

అప్పుడు ఒక ఆశ పుట్టింది. తెగింది మెడ దగ్గర మాత్రమే కదా, ఒక జానెడు కోసేసి మిగిలినదాన్నే మళ్ళీ బిగిస్తే పోలా? ఇది తప్పు ఆలోచన కాదు, మిగతా వైరు మెత్తగా, గాట్లు లేకుండా ఉంటే నేనూ అదే చేసేవాణ్ని. కానీ దీన్ని చేత్తో వంచి చూస్తే పైతొక్క మీద సన్నటి అడ్డగీతలు కనిపించాయి, పీవీసీ ముసలిదైపోయింది. మధ్యలో ఒకచోట ఎప్పుడో సోల్డరింగ్ ఐరన్ తగిలిన గుంట ఉంది. అది పక్కన పడేసి కొత్తది వేద్దామనే నిశ్చయించుకున్నాను. మాన్యువల్ కూడా తీసి చూశాను. వైరు దెబ్బతింటే కంపెనీవాళ్ళో వాళ్ళ సర్వీసువాళ్ళో మార్చాలి అని రాసి ఉంది. వారంటీలో ఉన్న మెషిన్ అయితే ఆ మాట వినడమే మంచిది. వైరూ బుష్షూ కలిపి ఒకే ముద్దగా అచ్చు పోసిన రకమైతే బయట దొరికే మామూలు వైరు దానికి పనికిరాదు, కంపెనీ సెట్టే కావాలి. నాదానికి వారంటీ ఎప్పుడో దాటిపోయింది, బుష్ విడిగా ఉంది.

వైరు ఎంచుకోవడంలో చాలామంది, నాతో సహా, మందం ఒక్కటే చూస్తారు. నా మెషిన్ 600 వాట్లు, దాన్ని 230తో భాగిస్తే 2.6 ఆంపియర్లు, దానికి 0.75 చదరపు మిల్లీమీటర్ల రెండు కోర్ల వైరు హాయిగా సరిపోతుంది. పాతది కోసి పోగులు లెక్కపెట్టాను కూడా: ఒక్కో కోరులో 24 పోగులు, ఒక్కోటి 0.2 ఎంఎం, అంటే 0.75. అయినా నేను 1.0 తీసుకున్నాను, 32 పోగులది. ఎక్కువైతే నష్టమేముంది అనుకున్నాను. నష్టం తర్వాత తెలిసింది: ఒక పిసరు లావైనా బుష్‌లోకి సులువుగా దూరదు. పెద్ద గ్రైండర్లు, 2000 వాట్ల రకాలు, ఎనిమిది తొమ్మిది ఆంపియర్లు లాగుతాయి కాబట్టి వాటికి 1.0 కంటే తక్కువకి దిగకూడదు, 1.5 అయితే నిశ్చింత.

మందం కంటే ముఖ్యమైనది అది ఏ రకం వైరు అన్నది. ఇంటి గోడల్లో వేసే ఒంటి కోరు వైర్లు రెండు కలిపి మెలేసి మెషిన్‌కి బిగించినవాళ్ళని చూశాను. ఆ వైరు గొట్టంలో కదలకుండా పడి ఉండటానికి చేసింది, చేతిలో రోజుకి వందసార్లు వంగడానికి కాదు. దీపాలకి వాడే సన్న జంట వైరు కూడా వద్దు, దానికి పైతొక్క ఉండదు, హ్యాండిల్ లోపల వైరుని నొక్కిపట్టే పట్టీ, అంటే క్లాంపు, పట్టుకోవాల్సింది ఆ పైతొక్కనే. గుండ్రంగా ఉండి, లోపల రెండు కోర్లు, వాటి మీద ఒక ఉమ్మడి తొక్క ఉన్న ఫ్లెక్సిబుల్ కేబుల్ కావాలి. తొక్క పీవీసీ అయినా ఫర్వాలేదు, రబ్బరు అయితే ఇంకా మేలు. రబ్బరుది చలిలో కూడా మెత్తగా చుట్టుకుంటుంది, వేడి రేకు తగిలితే పీవీసీలా వెంటనే కరిగి అతుక్కోదు. నేను రబ్బరుదే తీసుకున్నాను.

రెండు కోర్లా మూడు కోర్లా అన్నది మన ఇష్టం కాదు, మెషిన్ చెప్పాలి. నేమ్ ప్లేట్ మీద ఒక చదరం లోపల ఇంకో చదరం బొమ్మ ఉంటే అది డబుల్ ఇన్సులేషన్ మెషిన్, ఎర్త్ అక్కర్లేదు, రెండు కోర్లే. ఆ బొమ్మ లేకుండా, బాడీ ఇనుముదో అల్యూమినియందో అయి, పాత వైరులో ఆకుపచ్చ-పసుపు చారల కోరు ఉంటే, కొత్తదీ మూడు కోర్లదే వేయాలి, ఆ ఎర్త్‌ని బాడీకి స్క్రూతో ఎక్కడ బిగించి ఉందో అక్కడే బిగించాలి. నా స్నేహితుడి దగ్గరికి ఒకసారి పాత మెటల్ బాడీ డ్రిల్ వచ్చిందట, ఎవరో మూడు కోర్లది తీసేసి రెండు కోర్లది వేశారు. మెషిన్ బ్రహ్మాండంగా తిరుగుతోంది. లోపల ఫేజు తీగ ఒకటి తొక్క ఊడి బాడీకి తగిలే దాకా బ్రహ్మాండంగానే తిరుగుతుంది కూడా. ఇంకో చిన్న సంగతి వాడే చెప్పాడు: లోపల ఎర్త్ కోరుని మిగతా రెండిటికంటే కాస్త పొడుగ్గా ఉంచుతారు, ఎవరైనా వైరు గట్టిగా లాగితే ముందు ఫేజు, న్యూట్రల్ ఊడిపోవాలి, ఎర్త్ ఆఖర్న ఊడాలి. వింటే ఇంత చిన్న విషయమా అనిపిస్తుంది గానీ, చేసేటప్పుడు ఎవరికీ గుర్తురాదు.

ఇక విప్పడం. ప్లగ్గు పీకి, ట్రిగ్గర్ రెండుమూడు సార్లు నొక్కాను. పవర్ లేనప్పుడు నొక్కడం దేనికంటే, లోపల రేడియో గోల తగ్గించడానికి ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది, అందులో కాస్త చార్జి మిగిలి ఉండొచ్చు, ట్రిగ్గర్ నొక్కితే మోటారు గుండా దిగిపోతుంది. ప్రాణం తీసేంతది కాదు గానీ వేలికి తగిలితే చేతిలో స్క్రూడ్రైవర్ ఎగిరిపడుతుంది. ఆరు మూలల నక్షత్రం బిట్టుతో తొమ్మిది స్క్రూలు. రెండు పొడుగైనవి, మిగతావి పొట్టివి. ఒక అట్టముక్క మీద మెషిన్ ఆకారం గీసి, ఏ స్క్రూ ఏ చోటుదో అక్కడే గుచ్చాను. ఈ ఒక్క పనీ మొదటిసారికే సరిగ్గా చేశాను.

మెషిన్‌ని పక్కకి పడుకోబెట్టి, పై సగాన్ని నిదానంగా పైకి లేపాలి, లాగకూడదు. నేను లాగలేదు గానీ నిదానంగానూ లేపలేదు. టిక్‌మంటూ ఒక కార్బన్ దాని గూట్లోంచి బయటికొచ్చింది, వెనకున్న స్ప్రింగు ఎగిరి ఒళ్ళో పడింది. నేలమీద పడి ఉంటే ఇప్పటికీ వెతుకుతూ ఉండేవాణ్నేమో. అప్పుడే ఫోను తీసి ఫోటోలు కొట్టడం మొదలుపెట్టాను, ఆ పని మూత లేపిన మొదటి క్షణంలోనే చేయాల్సింది. ఏ వైరు ఏ గాడిలో పడుకుందో, ఏది దేని కిందనుంచి వెళ్ళిందో, నాలుగు వైపుల నుంచి.

లోపల ఒకసారి చూడండి, ఎలా ఉంటుందో. ముందు గేర్లు, జిగటగా గ్రీజు. మధ్యలో మోటారు: తిరిగే ఆర్మేచరు, దాని చుట్టూ కదలని ఫీల్డ్ కాయిలు. హ్యాండిల్లో నల్లటి స్విచ్ డబ్బా, దాని పక్కన పసుపుపచ్చ చదరపు బిళ్ళ, అదే కెపాసిటర్. అన్నింటికంటే కింద, హ్యాండిల్ అడుగున, రెండు చిన్న స్క్రూలతో బిగించిన ఒక ప్లాస్టిక్ పట్టీ. దాని కిందనుంచే వైరు లోపలికి వస్తుంది. ఈ పట్టీయే క్లాంపు. మొత్తం మెషిన్‌లో అగ్గిపుల్లలో సగం పొడవుండే ఈ ముక్కే వైరుకి ప్రాణం. మనం వైరు పట్టుకుని మెషిన్‌ని లాగినప్పుడు ఆ బరువంతా మోయాల్సింది ఇది, స్విచ్ దగ్గరున్న రాగి కాదు. నా దాంట్లో పట్టీ స్క్రూ ఒకటి వదులైపోయి ఉంది. పాత వైరు ఎందుకు చచ్చిందో అక్కడే సగం అర్థమైంది, ప్రతి లాగుడుకీ అది రెండు మిల్లీమీటర్లు లోపలికీ బయటికీ జారుతూ ఉండి ఉంటుంది.

స్విచ్‌కి ఇన్‌పుట్ వైపు రెండు స్క్రూ టెర్మినళ్ళు. ఒక్కోదానిలో రెండేసి ఉన్నాయి: వైరు కోరు ఒకటి, కెపాసిటర్ కాలు ఒకటి. ఫోటో జూమ్ చేసి చూసుకుని మరీ వదులు చేశాను. కొన్ని మెషిన్లలో స్క్రూ ఉండదు, వైరు గుచ్చితే లోపల స్ప్రింగు కరిచి పట్టుకుంటుంది, దాన్ని వదిలించాలంటే పక్కనున్న సన్న రంధ్రంలో సూదిలాంటిది గుచ్చి నొక్కి లాగాలి. బలంగా పీకితే స్విచ్చే పోతుంది.

పాత వైరు ఊడి చేతికొచ్చాక ఆగలేక మెడ భాగాన్ని బ్లేడుతో చీల్చి చూశాను. గోధుమరంగు కోరు టేపు ముద్ద కింద మొండిగా ఉన్నా రాగి బాగానే ఉంది. నీలం కోరు పైనుంచి చూస్తే నిక్షేపంలా ఉంది, తొక్క మీద చిన్న గీత కూడా లేదు. వేళ్ళతో నొక్కితే మాత్రం ఒకచోట బోలుగా తగిలింది. చీలిస్తే లోపల పోగులన్నీ ఒకే వరసలో తెగి ఉన్నాయి, కొసలు నల్లగా, చిన్న చిన్న గుండ్రటి పూసల్లా కరిగి. లెక్కపెడితే 24లో కొసలు ఇంకా ఒకదానికొకటి తగులుతూ మిగిలినవి మూడు. అంటే 2.6 ఆంపియర్లూ ఆ మూడు వెంట్రుకల మీద నడుస్తున్నాయి, అవి వేడెక్కక ఏం చేస్తాయి. నేను టేపు చుట్టింది గోధుమరంగు వైపు. తెగింది నీలం. చీలిక కనపడినచోట జబ్బు లేదు, జబ్బు ఉన్నచోట చీలిక లేదు.

కొత్త వైరు పైతొక్క తీయడానికి బ్లేడుతో చుట్టూ కోసెయ్యకండి. పైపైన గాటు పెట్టి, ఆ గాటు దగ్గర వైరుని వంచితే మిగతాది దానంతటదే తెరుచుకుంటుంది, లోపలి కోర్లకి బ్లేడు తగలదు. ఇది మొదటిసారి తెలియక ఒక కోరుకి గాటు పడింది, ఆ ముక్క కోసిపారేసి మళ్ళీ మొదలుపెట్టాను. వైరు కాస్త పొడుగ్గా తెచ్చుకోవడం ఇందుకే. పైతొక్క ఎంత తీయాలో పాతదాన్ని పక్కన పెట్టుకుని కొలిచాను, క్లాంపు లోపలికి దాటాక ఓ అర సెంటీమీటరు తొక్క కనపడేలా. కోర్ల కొసలు ఏడెనిమిది మిల్లీమీటర్లు.

పోగుల్ని మెలేశాక నాకు వాటికి సోల్డర్ పెట్టాలనిపించింది, గట్టిగా ఉంటుంది, పోగులు చెదరవు అని. స్నేహితుడికి మెసేజ్ పెడితే వద్దన్నాడు. స్క్రూ కింద సోల్డర్ నెమ్మదిగా నలిగి చదునవుతుందట, కొన్నాళ్ళకి స్క్రూ వదులై అక్కడ వేడి పుడుతుంది. పైగా సోల్డర్ ఆగినచోట వైరు ఒక్కసారిగా గట్టి నుంచి మెత్తకి మారుతుంది, అక్కడే తెగుతుంది, నా టేపు ముద్ద కథే మళ్ళీ. దాని బదులు సన్నటి రాగి గొట్టంలాంటి లగ్గు, ఫెరూల్ అంటారు, కొసకి తొడిగి నొక్కితే పోగులన్నీ ఒక్కటిగా ఉంటాయి. అది తొడిగితే టెర్మినల్లో కెపాసిటర్ కాలికి చోటు సరిపోలేదు. కాబట్టి వట్టిగానే గట్టిగా మెలేసి, ఒక్క పోగు కూడా బయటికి రాకుండా చూసి బిగించాను. ఒక్క పోగు పక్క టెర్మినల్‌ వైపు తొంగిచూసినా చాలు, మొదటిసారి ప్లగ్గు పెట్టినప్పుడే ఠప్పుమంటుంది.

రెండు టెర్మినళ్ళూ బిగించాను. కెపాసిటర్ కాళ్ళు కూర్చున్నాయి. క్లాంపు స్క్రూలు సగం తిప్పాను. ఎంత బాగా కుదిరిందో అని వెనక్కి జరిగి చూసుకుంటే, బల్ల మీద నల్లగా, ఖాళీగా, నన్నే చూస్తూ బుష్.

అవును. బుష్‌ని ముందే వైరుకి ఎక్కించాలి. ఇది ప్రతి ఒక్కళ్ళూ చెబుతారు, నేను కూడా చదివాను. అప్పటికింకా అవతలి కొసన ప్లగ్గు పెట్టలేదు కాబట్టి అటునుంచి ఎక్కించొచ్చు కదా అనుకున్నాను. కానీ మూడు మీటర్ల రబ్బరు వైరుని, అందులోనూ ఒక సైజు లావుగా ఉన్నదాన్ని, బిగుతు రబ్బరు తొడుగులోంచి లాగడం అంటే ఏమిటో రెండు అడుగులకే తెలిసొచ్చింది. మళ్ళీ స్విచ్ దగ్గర విప్పాను. సబ్బునీళ్ళు రాసి ఎక్కించాను, జారింది. నూనె గానీ గ్రీజు గానీ రాయొద్దు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. తడి పూర్తిగా తుడిచి, కాసేపు ఆరనిచ్చి, మళ్ళీ అన్నీ బిగించాను. బుష్ అక్కర్లేదులే అని వదిలేసేవాళ్ళున్నారు. అది అందానికి పెట్టింది కాదు. అది లేకపోతే వైరు హ్యాండిల్ అంచు మీద ఒకే చోట మడత పడుతుంది, ఉంటే ఆ వంపు రెండుమూడు అంగుళాల మేర పరుచుకుంటుంది. పాతది చీలి ఉంటే కొత్తది తెచ్చుకోండి.

క్లాంపు పట్టీని తిరగేసి చూస్తే రెండు వైపులా ఒకేలా లేదు. ఒకవైపు గాడి లోతుగా ఉంది, ఇంకోవైపు తక్కువ. లావు వైరుకి ఒకటి, సన్న వైరుకి ఒకటి. నేను లోతు గాడి వైపు పెట్టాను. ఎంత బిగించాలి అంటే, తొక్క కాస్త నొక్కుకోవాలి, నలగకూడదు. బిగించాక వైరుని చేత్తో గట్టిగా ఒక లాగు లాగి, ఒక మెలి తిప్పి చూశాను, లోపల కోర్లు కదల్లేదు. కోర్లకి క్లాంపు నుంచి స్విచ్ దాకా కొంచెం వదులు ఉంచాను, బిగుతుగా లాగిపెట్టి ఉంటే ఆ లాగుడంతా టెర్మినల్ మీదే పడుతుంది.

మూత పెడితే మూతపడదు. ఒక మూల రెండు మిల్లీమీటర్ల సందు. స్క్రూ బిగిస్తే అదే దగ్గరికొస్తుందిలే అని చేతులు దురద పెట్టాయి గానీ, మూత లేపి ముందు తీసిన ఫోటోతో పోల్చి చూశాను. నీలం కోరు స్క్రూ స్తంభం మీద అడ్డంగా పడుకుని ఉంది. అలాగే బిగించి ఉంటే తొక్క చితికి, ఎప్పటికో అక్కడ షార్ట్ అయ్యేది. దాన్ని గాడిలోకి నెట్టి, కార్బన్ల స్ప్రింగులు సరిచూసి మూత పెడితే టక్కుమని కూర్చుంది. మూత దానంతటది కూర్చోకపోతే లోపల ఏదో అడ్డముందనే, స్క్రూలతో బలవంతం చేసే పని కాదది.

ప్లగ్గు వైపు పెద్ద కథ లేదు. స్క్రూలు విప్పి బిగించుకునే రకం ప్లగ్గు, గోధుమరంగు ఫేజుకి, నీలం న్యూట్రల్‌కి, అక్కడ కూడా చిన్న క్లాంపు ఉంటుంది, అది పైతొక్క మీదే పడాలి. పాత వైర్లలో ఎరుపు, నలుపు ఉండొచ్చు, కొన్ని దేశాల్లో నలుపే ఫేజు, కాబట్టి రంగుని నమ్మకుండా మీటర్‌తో ఏ కొస ఏ కొసకి వెళ్తోందో చూసుకోండి.

కరెంటు ఇచ్చేముందు మళ్ళీ మీటర్. ట్రిగ్గర్ వదిలితే పిన్నుల మధ్య ఏమీ లేదు, మంచిదే. ఒక్కో పిన్నుకీ, బిట్టు పట్టుకునే ఇనప భాగం చక్‌కీ మధ్య ఏమీ లేదు, అదీ మంచిదే. మల్టీమీటర్ లోపల ఉండేది చిన్న బ్యాటరీ, ఇన్సులేషన్ 230 వోల్టులకి తట్టుకుంటుందా లేదా అన్నది అది చెప్పలేదు, దానికి ఎక్కువ వోల్టేజి పెట్టి ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ కావాలి, నా దగ్గర లేదు. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కాను. పన్నెండు రావాలి. రాలేదు.

మీటర్ అబద్ధం చెబుతోందేమో అని సిరీస్ బోర్డుకి కూడా పెట్టి చూశాను. ఇది స్నేహితుడు ఇచ్చిన పాత బోర్డు, సాకెట్‌కి వరసలో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ఉంటుంది. ఎక్కడైనా షార్ట్ ఉంటే ఫ్యూజు పోదు, బల్బు పూర్తి వెలుగుతో వెలుగుతుంది, అంతే. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. ట్రిగ్గర్ నొక్కితే బల్బు వెలగలేదు, మోటారు కదల్లేదు. కొంచెం టెన్షన్ వచ్చిన మాట నిజం. స్విచ్ పాడుచేశానా, కార్బన్ సరిగ్గా కూర్చోలేదా అని అన్నీ అనుకుని, ప్లగ్గు పీకి, మళ్ళీ తొమ్మిది స్క్రూలు.

కార్బన్లు బాగానే ఉన్నాయి. గోధుమరంగు కోరుని వేలితో కాస్త లాగితే గట్టిగానే ఉంది. స్క్రూ విప్పి చూస్తే సంగతి బయటపడింది: స్క్రూ బిగిసింది రాగి మీద కాదు, తొక్క మీద. బుష్ గొడవలో రెండోసారి బిగించేటప్పుడు విసుగుతో కోరుని మరీ లోపలికి తోసేశాను, తొక్క కూడా టెర్మినల్లోకి దూరింది. లాగితే రాదు, కరెంటు మాత్రం పోదు. ఒక మిల్లీమీటరు వెనక్కి లాగి బిగించాను. రెండోదీ విప్పి చూశాను, అది సరిగ్గానే ఉంది.

ఈసారి మీటర్‌లో పన్నెండు. సిరీస్ బోర్డులో పెడితే బల్బు వెలిగి మోటారు బద్ధకంగా మూలిగింది, అంటే బాగున్నట్టే. తర్వాత ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న సాకెట్‌లో, 30 మిల్లీ ఆంపియర్లది, నేరుగా పెట్టాను. ట్రిప్ కాలేదు. ట్రిగ్గర్ లాక్ చేసి ఎడమచేత్తో వైరుని మెడ దగ్గర అన్ని వైపులా వంచాను, పాత అలవాటు వంపులో కూడా. శబ్దం మారలేదు. పది నిమిషాలు చెక్కలో రంధ్రాలు వేసి బుష్ పట్టుకుని చూశాను, చల్లగా ఉంది.

అప్పటినుంచి మెషిన్‌కి వైరు బిగించి చుట్టడం మానేశాను. పని అయ్యాక వేడిగా ఉన్న మెషిన్ చుట్టూ వైరు గట్టిగా చుట్టి పెట్టెలో కుక్కేవాణ్ని, ఆ మొదటి చుట్టు సరిగ్గా బుష్ దగ్గరే మడతపడేది. ఇప్పుడు వైరుని విడిగా వదులు చుట్టలుగా చుట్టి పక్కన పెడుతున్నాను. నిచ్చెన మీదనుంచి వైరు పట్టుకుని మెషిన్‌ని కిందికి దించడం కూడా ఆపాను, చాలావరకు.

కార్బన్లు మాత్రం ఇంకా మార్చలేదు. విప్పినప్పుడు చూశాను, ఒకటి ఫర్వాలేదు గానీ రెండోది బాగా అరిగి ఏటవాలుగా ఉంది. జత తెప్పించి పెట్టాను. వాటికోసం ఎలాగూ మళ్ళీ తొమ్మిది స్క్రూలు విప్పాలి, అప్పుడు ఆ పట్టీ కింద తొక్క జరిగిందో లేదో కూడా చూస్తాను. ఈలోపు బిగించిన రోజున తొక్క అంచు దగ్గర తెల్ల మార్కర్‌తో ఒక గీత గీసి పెట్టుకున్నాను.